పోపుల డబ్బాలోని తొమ్మిది దినుసులు: ఒక క్లోజప్ షూట్ కేస్ స్టడీ

హైదరాబాద్‌లో పొడులు, పచ్చళ్ళు చేసి అమ్మే ఒక చిన్న వ్యాపారానికి తొమ్మిది దినుసుల ఫొటోలు కావాలి: ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, ఎండుమిర్చి, పసుపు, దొడ్డుప్పు, చింతపండు, కరివేపాకు. ఒక్కో దినుసుకు ఒక్కో ఫ్రేము. వాడేది మూడు చోట్ల. సీసా మీద 60 మి.మీ. లేబుల్, ఆన్‌లైన్ అమ్మకానికి చతురస్రపు బొమ్మ, ఎగ్జిబిషన్ స్టాల్ ముందు నిలబెట్టే 24×36 అంగుళాల స్టాండీ. అడిగినవాళ్ళ షరతు ఒకటే. పక్కపక్కన పెడితే తొమ్మిదీ ఒకే సెట్టు అనిపించాలి.

చిక్కంతా ఈ షరతులోనే ఉంది. ఆవగింజ గుండ్రటి నున్నటి గింజ, ఎదురుగా ఉన్న ప్రతిదీ దాని మీద ప్రతిబింబిస్తుంది. పసుపు పొడి అసలు మెరవదు. ఉప్పులోంచి వెలుగు దూరిపోతుంది. జీలకర్రకు సన్నటి నూగు ఉంటుంది. ఒకే లైటు ఒకే ఎత్తులో పెట్టి వరసగా లాగించేస్తే కొన్ని బాగానే వస్తాయి, మిగతావి చచ్చుబడతాయి. అందుకని మూడు విషయాలు బిగించేసి, మూడు వదిలిపెట్టాం. బిగించినవి: లైటు వచ్చే దిక్కు (ఫ్రేమును గడియారం అనుకుంటే 10 గంటల వైపు), కింద పరిచిన బండ, కెమెరా వాలు (బండకు 45 డిగ్రీలు). వదిలినవి: లైటు ఎత్తు, డిఫ్యూజర్ (వెలుగును మెత్తబరిచే తెర) సైజు, ఎదురు వైపు నుంచి ఇచ్చే ఫిల్ (నీడను తేలికపరిచే వెలుగు). నీడలన్నీ ఒకే వైపు వాలితే చాలు, చూసేవాళ్ళకు ఆ తొమ్మిదీ ఒక సెట్టుగానే కనిపిస్తాయి. లైటు మెత్తగా ఉందా గట్టిగా ఉందా అన్నది ఒక్కో ఫొటోకు మారినా ఎవరూ పట్టించుకోరు.

ముందు లెక్క

కెమెరా 24 మెగాపిక్సెళ్ళ ఏపీఎస్-సీ బాడీ. సెన్సర్ 23.5×15.6 మి.మీ., ఫైలు 6000×4000 పిక్సెళ్ళు. స్టాండీ 36 అంగుళాల ఎత్తు కాబట్టి కెమెరాను నిలువుగా తిప్పితే అంగుళానికి 166 పిక్సెళ్ళు వస్తాయి. రెండడుగుల దూరం నుంచి చూసే బొమ్మకు అది సరిపోతుంది కానీ కత్తిరించుకోవడానికి ఏమీ మిగలదు. 24×36 నిష్పత్తి, సెన్సర్ నిష్పత్తి రెండూ 2:3 కావడం కలిసొచ్చింది. చతురస్రం మాత్రం మధ్యలోంచి 4000×4000 తీయాలి, అంటే ముఖ్యమైన గింజ ఏదైనా ఫ్రేము మధ్య మూడింట రెండు వంతుల్లోనే ఉండాలి. ఈ గీతల్ని కెమెరా స్క్రీను మీద సన్నటి టేపు ముక్కలతో గుర్తు పెట్టుకోవడం తేలిక.

1:1 దగ్గర (అంటే దినుసు బొమ్మ సెన్సర్ మీద అసలు సైజులోనే పడేలా) తీసిన ఫొటోలో 23.5 మి.మీ. మేర కనిపిస్తుంది. అది స్టాండీ మీద 914 మి.మీ. అవుతుంది, దాదాపు 39 రెట్లు. 2 మి.మీ. ఆవగింజ దాదాపు 8 సెంటీమీటర్ల బంతి అవుతుంది. 0.1 మి.మీ. దూది పోగు 4 మి.మీ. తాడై కూర్చుంటుంది. ఈ షూట్‌లో సగం పైగా సమయం శుభ్రతకే పోయేది ఇందుకే, లైటింగ్‌కు కాదు.

లెన్సు 100 మి.మీ. మాక్రో (చాలా దగ్గరి నుంచి తీయడానికి చేసింది). 1:1 దగ్గర కూడా లెన్సు ముందు అంచుకూ దినుసుకూ మధ్య 13–15 సెం.మీ. ఖాళీ ఉంటుంది, డిఫ్యూజర్ ఆ సందులో పడుతుంది. 60 మి.మీ. మాక్రో అయితే లెన్సు నీడే దినుసు మీద పడుతుంది. మాక్రో లెన్సు లేకపోతే 50 మి.మీ. ప్రైమ్‌కు ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (లెన్సుకూ కెమెరాకూ మధ్య పెట్టే ఖాళీ గొట్టాలు) తగిలించవచ్చు. ట్యూబు పొడవును ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎంత మాగ్నిఫికేషన్ కలుస్తుందో తెలుస్తుంది. 26 మి.మీ. ట్యూబుతో 0.52, లెన్సు సొంత 0.15 కలిపి ఇంచుమించు 0.67. మెంతులకూ మినప్పప్పుకూ అది చాలు, ఆవాలకు చాలదు. ఫోను మాక్రో మోడ్ రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరికి తెస్తుంది, అప్పుడు ఫోనే వెలుగుకు అడ్డం. ఫోనుతోనే తీయాల్సి వస్తే కొంచెం వెనక్కి జరిగి టెలీ లెన్సు వాడుకోవడం మేలు.

కింద పరిచింది షాబాద్ బండ. హైదరాబాద్ పాత ఇళ్ళ నేలల్లో ఉండే ఈ బూడిద రంగు సున్నపురాయిని ఎంచుకున్నది దాని నడిమి రంగు కోసం. దాని మీద ఆవాలు దానికన్నా ముదురుగా, మినప్పప్పు దానికన్నా లేతగా నిలబడతాయి. నల్ల కడప బండ అయితే ఆవాలు కలిసిపోతాయి, తెల్లటిదయితే పప్పు మాయమవుతుంది. పాలిష్ లేని గరుకు వైపు పైకి పెట్టాలి. బండల దుకాణాల్లో కోతలో మిగిలిన ముక్క, అడుగున్నర పొడవుది దొరికితే చాలు. వంటింటి గ్రానైట్ గట్టు మీద మాత్రం వద్దు. పాలిష్ పెట్టిన గ్రానైట్ మీద లైటు, కెమెరా, తీసేవాళ్ళ చెయ్యి అన్నీ తలకిందులుగా కనిపిస్తాయి.

లైటు 60 వాట్ల సీఓబీ ఎల్‌ఈడీ, 5600 కెల్విన్, సీఆర్‌ఐ (రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 95 పైన. కిటికీ వెలుగుతో ఎందుకు చేయలేదంటే, ఫోకస్ స్టాకింగ్‌లో (ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ తీసిన ఫ్రేములను ఒకటిగా కలపడంలో) ముప్పై ఫ్రేములు తీసేలోపు వానాకాలపు మబ్బు మూడుసార్లు వచ్చిపోతుంది, ఎక్స్‌పోజర్ ఫ్రేముకు ఫ్రేముకు మారిపోతుంది. ఉత్తరం కిటికీలోకి ఎండ రాదన్న మాట కూడా ఇక్కడ ఏడాది పొడుగునా చెల్లదు. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే పోతాడు. ఆ రోజుల్లో ఉత్తరం కిటికీ గ్రిల్లు నీడలు నేరుగా బండ మీద పడతాయి.

గదిలో ట్యూబ్‌లైటు ఆర్పేయాలి. రంగు కలవడం ఒక్కటే కారణం కాదు. 50 హెర్ట్‌జ్ కరెంటు మీద అది సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది, ఫ్రేముల మధ్య తేడా వస్తుంది. చవక ఎల్‌ఈడీ లైట్లకూ ఈ జబ్బుంటుంది. షట్టర్ 1/50 లేదా 1/25 పెడితే చాలావరకు సర్దుకుంటుంది. వంటిల్లు ఆకుపచ్చ, గులాబీ రంగు గోడలది అయితే ఆ రంగు నీడల్లోకి దిగుతుంది, దినుసు చుట్టూ తెల్ల థర్మోకోల్ ముక్కలు నిలబెట్టి గోడను కప్పేయాలి. ఫ్యాను ఆపాల్సిందే, మే నెలైనా సరే. పై అంతస్తుల్లో లిఫ్టు, పక్కింటి గ్రైండర్, ఎవరైనా నడవడం, ఏదైనా 1:1 ఫొటోను చెరిపేస్తుంది. అలాంటి చోట ఎల్‌ఈడీ మానేసి ఫ్లాష్‌ను 1/32 పవర్‌లో వాడాలి. అప్పుడు మెరుపు 1/5000 సెకను కన్నా తక్కువసేపే ఉంటుంది కాబట్టి అదురు పట్టదు.

చేట, జల్లెడ, చిమటా

దినుసులు బేగంబజార్‌లో విడిగా కొన్నవి. ఒక్కోటి 100 గ్రాములు చాలు, ఎండుమిర్చి మాత్రం పావుకిలో తీసుకుంటే అందులోంచి పది పన్నెండు కాయలు నిలుస్తాయి. ప్యాకెట్‌లో వచ్చే సార్టెక్స్ (యంత్రంతో ఏరిన) సరుకులో రాళ్ళూ పుల్లలూ తక్కువే కానీ యంత్రంలో దొర్లి దొర్లి గింజ అంచులు అరిగి ఉంటాయి. మామూలు కంటికి తెలియదు, 1:1 దగ్గర జీలకర్ర నూగు పోయిందని ఇట్టే తెలుస్తుంది.

మొదటి పని చేటతో. చెరిగితే పొట్టు, తాలు, దుమ్ము ముందుకొచ్చి పడిపోతాయి. తర్వాత పిండి జల్లెడలో వేసి సన్నటి ఇసుకా మన్నూ రాల్చాలి. ఆ తర్వాత తెల్ల పింగాణీ పళ్ళెంలో పోసి చేత్తో ఏరాలి. పగిలినవి, ముడతపడ్డవి, పురుగు కన్నం ఉన్నవి పక్కకు. దీనికి పట్టుకారు అక్కర్లేదు, చివర సన్నగా ఉండే స్టీలు చిమటా, తడిపిన టూత్‌పిక్ చాలు. మినప్పప్పుకు పైన తెల్లటి పిండి పూత ఉంటుంది, పొడి మల్లుగుడ్డలో మూట కట్టి రుద్దితే పోతుంది. కడగకూడదు. కడిగితే ఆరేటప్పుడు పైపొర ముడతలు పడుతుంది.

అమర్చేది ముందు నకిలీ కుప్ప మీద. కెమెరా, లైటు, ఫోకస్ అన్నీ ఏరని దినుసుతో సరిచూసుకున్నాకే అసలు గింజలు బండ మీదికి రావాలి. బండ మీద గింజలు కాసేపు ఉంటే చాలు, వాటి మీద దుమ్ము వాలుతుంది. కెమెరా వాళ్ళు వాడే రబ్బరు బ్లోవర్ ఒక్కసారి ఊదితే ఆవాలు గది నలుమూలలకూ పోతాయి కాబట్టి అమర్చాక దుమ్మును 2వ నెంబరు బొమ్మల కుంచెతో తీయాలి.

ఆవాలు

తొమ్మిదింటిలో అన్నిటికన్నా మొండివి ఇవే. ప్రతి గింజా ఒక చిన్న కుంభాకార దర్పణం. కుప్పలో రెండు వందల గింజలు కనిపిస్తే లైటు బొమ్మ రెండు వందల సార్లు కనిపిస్తుంది. ఎల్‌ఈడీ ప్యానెల్‌ను డిఫ్యూజర్ లేకుండా పెడితే ఒక్కో గింజ మీద ఆ చుక్కల గడి మొత్తం అచ్చుపడుతుంది. చిన్న సాఫ్ట్‌బాక్స్ అయితే ఒక్కో గింజకు ఒక తెల్ల చదరం. ఇది తర్వాత ఎడిటింగ్‌లో తుడిచేది కాదు.

ఉపాయం లైటును పెద్దది చేయడం, అంతకన్నా ముఖ్యంగా దాని అంచులు కరిగిపోయేలా చేయడం. 30×40 సెం.మీ. ట్రేసింగ్ పేపరును తీగ ఫ్రేముకు అంటించి దినుసుకు 12 సెం.మీ. దగ్గర 10 గంటల వైపు వాల్చి నిలబెట్టాం. లైటును పేపరుకు ఆనించినట్టు కాక, వెనక 25 సెం.మీ. దూరంలో పెట్టి కొంచెం పైకి తిప్పాం. పేపరు పై భాగం బాగా వెలిగి, కిందికి వస్తూ మసకబారుతుంది. గింజ మీద పడే మెరుపు కూడా అలాగే ఒక పక్క తెల్లగా మొదలై మరో పక్క నలుపులో కలుస్తుంది, చదరం అంచు కనిపించదు. ఎదురు వైపు తెల్ల థర్మోకోల్ పెట్టకూడదు. పెడితే రెండో మెరుపు వస్తుంది, గింజకు రెండు కళ్ళు మొలుస్తాయి. ఆ వైపు నల్ల చార్టు పెట్టాం, గింజ అంచు బండలోంచి విడివడి కనిపించడానికి.

మెరుపు పూర్తిగా తీసేయాలంటే లైటుకు పోలరైజింగ్ ఫిల్ము, లెన్సుకు సర్క్యులర్ పోలరైజర్ పెట్టి అడ్డంగా తిప్పాలి. పని చేస్తుంది, కనీసం రెండు మూడు స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) వెలుగు పోతుంది. అయితే మెరుపు పోయిన ఆవాలు మట్టి గుండ్ల మాదిరి ఉంటాయి, తినబుద్ధి కాదు. లెన్సుకు ఒక్క పోలరైజర్ పెట్టడం కూడా ఇక్కడ దండగే. అది ఉపరితలం నుంచి ఇంచుమించు 34 డిగ్రీల వాలులో తిరిగొచ్చే వెలుగునే బాగా ఆపుతుంది, గుండ్రటి గింజ మీద ఆ వాలు ఉన్నది కొద్ది చోటే.

గింజలు దొర్లకుండా ఉండాలంటే కుప్ప లోపల పునాది కావాలి. పిల్లలు ఆడుకునే క్లేను ముదురు రంగుది తీసుకుని 2 సెం.మీ. దిబ్బగా చేసి, పైన ఒక్క చుక్క గ్లిసరిన్ రాసి, ఆవాలు రాల్చాం. గ్లిసరిన్ ఎక్కువైతే గింజల మధ్య తడి మెరుస్తుంది. ముందు వరస గింజల్ని చిమటాతో తిప్పి పెట్టాలి, తొడిమ మచ్చ కెమెరా వైపు ఉంటే గింజ పాడైనట్టు కనిపిస్తుంది. లైటు సరిగా కుదిరితే 1:1 దగ్గర గింజ పైతోలు మీద సన్నటి వల అల్లిక కనిపిస్తుంది. ఫోకస్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఆ అల్లికను మించిన గుర్తు లేదు.

జీలకర్ర, మెంతులు, మినప్పప్పు

జీలకర్ర గింజ మీద పొడుగునా ఉబ్బు గీతలు ఉంటాయి, వాటి మధ్య పొట్టి నూగు. లైటు ఎత్తులో ఉంటే రెండూ మాయం. లైటును బండకు 20 డిగ్రీల ఎత్తుకు దించి, డిఫ్యూజర్ సైజును 15×20 సెం.మీ.కు తగ్గించాం. గింజల్ని లైటు దిక్కుకు అడ్డంగా పడుకోబెడితే ప్రతి గీతకూ సొంత నీడ వస్తుంది, లైటు దారిలోనే పడుకోబెడితే గింజ చదునైపోతుంది. వెనక గింజలు కొన్ని ముదురు నీడ ముందుకు వచ్చేలా పెట్టి, ఆ అంచుల మీద వెలుగు గీసుకుపోతే నూగు బయటపడుతుంది. పుల్లలు, కాడలు పూర్తిగా తీసేయక్కర్లేదు. ఒకటో రెండో కాడలు ఉంటేనే జీలకర్ర అనిపిస్తుంది.

మెంతి గింజకు ఏటవాలు గాడి ఉంటుంది. ఆ గాడి మీదుగా పక్క వెలుగు పోనిచ్చి, ఎదురు వైపు చిన్న తెల్ల కార్డు పెడితే గింజ అంచులు తేనె రంగులో వెలుగుతాయి. 1:2 చాలు.

మినప్పప్పుతో చిక్కు ఎక్స్‌పోజరే. బద్ద చదును వైపు తెల్లగా పేలిపోతుంది. 8-బిట్ లెక్కలో (నలుపు 0, తెలుపు 255) 240 దాటకుండా ఆపాలి. మూడింట ఒక వంతు బద్దలు చదును వైపు పైకి, మిగతావి ఉబ్బు వైపు పైకి. అన్నీ ఒకే వైపు ఉంటే మందు బిళ్ళల కుప్పే.

ఎండుమిర్చి

కాయ ఎంపికలోనే సగం పని అయిపోతుంది. ఈ పొడుల్లో వాడేది గుంటూరు సన్నం కాబట్టి ఫొటోలోనూ అదే. లేబుల్ మీద బొమ్మ చూసి కొన్నవాళ్ళకు లోపల వేరే రకం కారం వెళ్ళకూడదు. వరంగల్ చపాటా కాయ గుండ్రంగా, పొట్టిగా, నిండు ఎరుపుతో చూడముచ్చటగా ఉంటుంది, ఫొటో కోసం అది పెట్టాలనిపిస్తుంది. కానీ దాని కారం తక్కువ, ఈ సరుకుది కాదు. సన్నంలో 7–8 సెం.మీ. కాయలు, తొడిమ ఉన్నవి, తెల్ల మచ్చల తాలు లేనివి ఏరాలి.

వేసవిలో కాయ పెళుసుగా ఉంటుంది, వంచబోతే విరుగుతుంది. ముందు రోజు రాత్రి తడి గుడ్డ పరిచిన డబ్బాలో, గుడ్డకు తగలకుండా జల్లిబుట్టలో పెట్టి మూస్తే తెల్లారేసరికి తోలు సాగుతుంది. అంతకు మించి ఉంచితే బూజు. దుమ్ము తుడిచాక ఒక్క చుక్క నూనె అద్దిన గుడ్డతో కాయ మీద ఒకసారి పోనివ్వాలి. రెండోసారి రుద్దితే ప్లాస్టిక్ కాయ.

ఫ్రేము 1:4, అంటే 94 మి.మీ. మేర. పొడవాటి మెరిసే వస్తువు మీద పడే మెరుపు దాని పొడుగునా గీతలాగా సాగాలి, అప్పుడే ముడతల వంపు తెలుస్తుంది. కాయ నడుమును లైటు దిక్కుకు అడ్డంగా తిప్పితే ఆ గీత వస్తుంది. గీత మరీ వెడల్పయితే ట్రేసింగ్ పేపరు మీద వేలెడు వెడల్పున నల్ల చార్టు పట్టీ అంటించాలి, తెల్ల గీత మధ్యలో చీలి రెండు సన్న గీతలవుతుంది. ఒక కాయను చీల్చి వెనక వైపు పెట్టి, దాని వెనక చిన్న అద్దం ముక్క ఆనిస్తే తోలులోంచి వెలుగొచ్చి లోపలి గింజల నీడలు కనిపిస్తాయి. అద్దం ఫ్రేములోకి రాకూడదు, అంతే.

అసలు ప్రమాదం ఎరుపు ఛానల్. కెమెరా వెనక మామూలు హిస్టోగ్రామ్ (వెలుగు పంపిణీ చూపే గ్రాఫు) అంతా బాగున్నట్టే చూపిస్తుంది, ఈలోగా ఎరుపు ఒక్కటీ నిండిపోయి ముడతలన్నీ ఒకే ముద్దగా మారతాయి. మూడు రంగుల హిస్టోగ్రామ్ విడివిడిగా చూసి, 2/3 నుంచి ఒక స్టాపు తగ్గించి తీయాలి. 3200 కెల్విన్ లైటు కింద ఇది ఇంకా ముదురుతుంది. పిక్చర్ ప్రొఫైల్ న్యూట్రల్, ఫైలు రా (కెమెరా మార్పులు చేయని ముడి ఫైలు). తర్వాత సాచురేషన్ పెంచాల్సిన అవసరం ఎండుమిర్చికి ఎప్పుడూ రాదు.

పసుపు

కొమ్మూ పొడీ రెండూ ఒకే ఫ్రేములో. కొమ్మును కోయకుండా విరవాలి. ఉడికించి ఎండబెట్టిన కొమ్ము విరిగిన చోట మైనం మెరుపుతో నారింజ రంగు బయటపడుతుంది, కత్తి పెడితే ఆ చోటు మాసిపోతుంది. పొడిని 10 సెం.మీ. ఎత్తు నుంచి మల్లుగుడ్డలో జల్లిస్తే ఉండలు లేకుండా పడుతుంది. తర్వాత చెంచా వెనక అంచుతో ఒక్క గీత గీసి వదిలేశాం. ఆ గీత కూలిన చోటే పొడి పొడిలా కనిపిస్తుంది.

మెరుపు లేని వస్తువుకు నీడే దిక్కు. లైటు 12–15 డిగ్రీల ఎత్తులో, డిఫ్యూజర్ లేకుండా, రెండడుగుల దూరంలో. సెట్టులో గట్టి నీడ ఉన్న ఫొటో ఇదొక్కటే. దిక్కు మారలేదు కాబట్టి వరసలో కలిసిపోయింది.

ఎస్‌ఆర్‌జీబీలో (తెరల మీద మామూలుగా వాడే రంగుల పరిధి) పసుపు రంగుకు నీలం ఛానల్ సున్నాకు పడిపోతుంది, ఎరుపు నిండిపోతుంది, రేణువుల వివరం అంతా ఆకుపచ్చ ఛానల్ ఒక్కదానిలోనే మిగులుతుంది. కాబట్టి ఎడిటింగ్ పెద్ద కలర్ స్పేస్‌లో చేసి, పసుపు–నారింజ ల్యూమినెన్స్ తగ్గించి, చివర్లో మాత్రమే ఎస్‌ఆర్‌జీబీకి మార్చాలి. సాచురేషన్ 10–15 తగ్గిస్తే కంటికి రంగు తగ్గదు, రేణువులు తిరిగొస్తాయి.

పసుపును అన్నిటికన్నా చివర తీయాలి. బండకు అంటితే పీల్చుకుంటుంది. సబ్బు నీళ్ళతో రుద్దితే క్షారం తగిలి ఎర్రబారుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసేది ఈ గుణంతోనే. పొడి గుడ్డతో దులిపి ఎండలో పెడితే మరక క్రమంగా వెలుస్తుంది. లెన్సు తుడిచే గుడ్డ ఆ బల్ల దరిదాపుల్లో ఉండకూడదు.

దొడ్డుప్పు, చింతపండు, కరివేపాకు

ఉప్పు కింద మాత్రం బండ లేదు. బండ మీద ఉప్పు బూడిద రంగు రాళ్ళగానే కనిపిస్తుంది, ఎందుకంటే దానిలోంచి కనిపించేది కింది బండే. 5 మి.మీ. గాజు పలకను బండకు 6 సెం.మీ. పైన నిలబెట్టి, సరిగ్గా ఉప్పు కింద నల్ల చార్టు పరిచి, 10 గంటల లైటును గాజు మట్టానికి దించాం. వెలుగు స్ఫటికంలోకి పక్కనుంచి దూరి అంచుల దగ్గర బయటికొస్తుంది, ఘనం మూలలు వెలిగి నడిమి చీకటిగా ఉంటుంది. వెనకగా బండ మసగ్గా కనిపిస్తూ సెట్టుతో సంబంధం నిలుపుతుంది. సముద్రపు ఉప్పులో బురద చేరిన బూడిద పలుకులు ఉంటాయి, అవి ఏరేయాలి.

గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీరు లాగుతుంది. వానాకాలం పొద్దుటిపూట హైదరాబాద్‌లో అది మామూలే. మూలలు గుండ్రబడి పలుకుల మీద నీటి పొర మెరుస్తుంది. ఓవెన్‌లో 100–110 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, సిలికా జెల్ వేసిన డబ్బాలో చల్లార్చి, అన్నీ సిద్ధమయ్యాకే తీయాలి. మూకుట్లో పెద్ద మంట మీద వేయిస్తే పలుకుల్లో ఇరుక్కున్న నీరు ఆవిరై చిటపటమని పేలి మూలలు రాలిపోతాయి.

చింతపండు కొత్తదే కావాలి. పాతది నల్లబడి ఉంటుంది, ఎంత లైటు పెట్టినా తారు ముద్ద. కొత్తది ఎర్రటి గోధుమ రంగు, రెక్కను సాగదీసి పలచన చేసి వెనకనుంచి కొంచెం వెలుగిస్తే అంచు మాణిక్యపు రంగుకొస్తుంది. ఈనెలు రెండు మూడు విడదీసి వదలాలి, పెంకు పగిలిన కాయ ఒకటి పక్కన ఉండాలి. గుజ్జు ఆరినట్టుంటే వేలితో ఒక చుక్క గోరువెచ్చని నీళ్ళు అద్దాలి.

కరివేపాకు పొద్దున్నే రైతుబజార్‌లో తెచ్చి, రెమ్మల కాడలు నీళ్ళలో ఉంచి, తడి గుడ్డ కప్పి ఉంచాలి. ఫ్యానూ లేని గదిలో లైటు కింద పెట్టిన ఆకు అంచులు త్వరగా ముడుచుకుంటాయి, స్టాకింగ్ మధ్యలో ఆకు కదిలితే అంచు రెండుగా వస్తుంది. అందుకని దీనికి ఫ్రేములు తక్కువ ఉండేలా ఆకును సెన్సర్‌కు సమాంతరంగా పడుకోబెట్టాం. నీటి చుక్కలు కావాలంటే నీళ్ళూ గ్లిసరినూ సగం సగం కలిపి సూదిమందు సిరంజితో పెట్టాలి, ఉత్త నీళ్ళు జారిపోతాయి. ఒక్క ఆకు వెనక అద్దం ముక్క పెట్టి వెలుగిస్తే ఈనెల మధ్య సన్నటి వెలుగు చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె గ్రంథులు, కరివేపాకు వాసనంతా వాటిలోనే. 1:1లో ఆ చుక్కలు పడితే ఆ ఫొటోకు ఇంకేమీ అక్కర్లేదు.

ఫోకస్ స్టాకింగ్

1:1 దగ్గర ఎఫ్/8లో (ఇది లెన్సు కన్నం సైజు, అంకె పెరిగితే కన్నం చిన్నది) ఫోకస్‌లో ఉండే లోతు ఇంచుమించు 0.6 మి.మీ., 1:2 దగ్గర దాదాపు 1.9, 1:4 దగ్గర 6.4. ఎఫ్/16కి మూసేస్తే లోతు రెట్టింపవుతుంది కదా అనిపిస్తుంది. 1:1 దగ్గర ఎఫ్/16 నిజంగా పనిచేసేది ఎఫ్/32గా. అప్పుడు డిఫ్రాక్షన్ (సన్నటి కన్నంలోంచి వచ్చే వెలుగు చెదరడం) వల్ల ఒక్కో బిందువు 43 మైక్రాన్ల మచ్చగా విచ్చుకుంటుంది, అది ఈ సెన్సర్ మీద 11 పిక్సెళ్ళు. ఆవగింజ వల అల్లిక అందులో కొట్టుకుపోతుంది. 1:1కు ఎఫ్/5.6, మిగతావాటికి ఎఫ్/8 దగ్గర ఆగాలి.

స్టాండీ సైజుకు ఇంకొంచెం కచ్చితంగా ఉండాలి కాబట్టి 1:1లో అంగ 0.2 మి.మీ. పెట్టాం. 6 మి.మీ. లోతు కుప్పకు 30 ఫ్రేములు, ముందూ వెనకా రెండేసి అదనం. కెమెరాలో ఫోకస్ బ్రాకెటింగ్ ఉంటే అదే వాడాలి. ఫోకస్ రైలు (కెమెరాను ముందుకూ వెనక్కూ జరిపే పట్టీ) మీద కెమెరానే జరిపితే కోణం మారి, ముందు గింజ వెనక గింజను కప్పే చోటు ఫ్రేముకు ఫ్రేముకు మారుతుంది. వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్ మాన్యువల్. రెండు సెకన్ల ఆలస్యం. షార్పెనింగ్ లేకుండా 16-బిట్ టిఫ్‌లుగా మార్చి కలపాలి.

ఫ్రేములు కలిపే జెరీన్ స్టాకర్ సాఫ్ట్‌వేర్‌లో పీమాక్స్ అనే పద్ధతి నూగుకూ ఒకదాని మీద ఒకటి పడ్డ అంచులకూ బాగుంటుంది కానీ నాయిస్, కాంట్రాస్ట్ రెండూ పెంచుతుంది. డీమ్యాప్ అనే పద్ధతి రంగును నునుపుగా ఉంచుతుంది, అంచుల దగ్గర తడబడుతుంది. జీలకర్ర, ఆవాలు పీమాక్స్‌లో, పసుపు, మినప్పప్పు డీమ్యాప్‌లో కలిపాం. ముందు గింజ అంచు చుట్టూ మసక వలయం వస్తే అది సాఫ్ట్‌వేర్ లోపం కాదు. వెనక గింజ ఫోకస్‌లో ఉన్న ఫ్రేములో ముందు గింజ ఉబ్బి దాన్ని కప్పేస్తుంది, ఆ చోటు వివరం ఏ ఫ్రేములోనూ ఉండదు. అమర్చేటప్పుడే ముందు గింజకూ వెనకదానికీ మధ్య ఎత్తు తేడా తగ్గించుకోవడం మంచి మందు.

ప్రెస్సుకు

స్టాండీకి ఎస్‌ఆర్‌జీబీ ఫైలు చాలు, లేబుళ్ళకు సీఎంవైకే (అచ్చులో వాడే నాలుగు సిరాలు: సయాన్, మాజెంటా, ఎల్లో, బ్లాక్). ఎండుమిర్చి ఎరుపు మాజెంటా, ఎల్లో రెండూ నిండు దగ్గరికి పోయి చదునవుతుంది. ముడతల వివరం సయాన్, బ్లాక్ ప్లేట్లలోనే నిలుస్తుంది కాబట్టి ఆ రెండు ఛానళ్ళకు విడిగా కొంచెం కాంట్రాస్ట్ పెంచాలి. పసుపు సంగతీ అంతే, అక్కడ మాజెంటా కూడా తోడవుతుంది. మానిటర్ మీద చూసి ఒప్పుకోకుండా, లేబుల్ వేసే స్టిక్కర్ కాగితం మీదే ప్రూఫ్ అడగాలి. మ్యాట్ లామినేషన్ ముదురు రంగుల్ని తేల్చేసి కాంట్రాస్ట్ తగ్గిస్తుంది, మెరుపును చంపేస్తుంది. ఆవాలకూ చింతపండుకూ మెరిసే గ్లాసీ లామినేషన్ వేయించి, మిగతా ఏడింటికీ మ్యాట్ ఉంచాం.